ఊపిరి గొట్టంలో కొర్రమట్ట

వరంగల్ ఆటోనగర్‌లో రాజమల్లు షెడ్డు ఎక్కడని అడిగితే ఎవరూ సందు పేరు చెప్పరు, మీసం చెబుతారు. "రెండు కొనలు రెండు దిక్కులు చూసుకుంట ఒక మీసం పోతుంటది, దాని ఎనుక నడువు, షెడ్డు వస్తది" అంటారు. ఆ మీసం ఒక కొన వరంగల్ వైపు, ఇంకో కొన హనుమకొండ వైపు తిరిగి ఉంటుందనీ, వాన వచ్చే ముందు హనుమకొండ కొన కొంచెం కిందికి వంగుతుందనీ రాజమల్లే ప్రచారం చేశాడు. అతను చెప్పే సంగతుల్లో జనం కాస్తో కూస్తో నమ్మేది అదొక్కటే. మిగతావి వినడానికి మాత్రం చాయ్ చల్లారిపోయేదాకా నిలబడతారు.

ఆ సోమవారం పొద్దెక్కాక షెడ్డు ముందు ఒక పాత పికప్ ఆగింది. నాలుగు చక్రాలూ లాగే రకం. ఒకప్పుడు తెల్లది, ఇప్పుడు ఏ రంగని అడిగితే రఘునాథపల్లి మట్టి రంగని చెప్పాలి. డ్రైవర్ సీట్లోంచి దిగింది సమ్మమ్మ. యాభై దాటిన మనిషి. ఆమె చేను వాగుకు అవతల ఉంది. వానాకాలం ఆ వాగులో దిగిన మామూలు బండి చక్రాలు తిప్పుకుంటూ అక్కడే కూర్చుంటుంది కాబట్టి, ఏరికోరి ఈ ముసలి బండిని కొనుక్కుని, తానే నడపడం నేర్చుకుని, తెల్లవారేసరికి బెండకాయలూ సొరకాయలూ వరంగల్ మార్కెట్లో దించుతుంది.

"తమ్మీ, గిది కారుతాంది," అంది సమ్మమ్మ. "మార్కెట్ల నేను ఏడ నిలబెడితే ఆడ నల్లముగ్గు పడ్తాంది. పక్క బండోళ్ళు నవ్వవట్టిరి, సమ్మక్క బండికి ముసలితనమొచ్చి ఆపుకోలేకపోతాందని."

"నవ్వనియ్ అక్కా. రేపటిసంది వాళ్ళ నోళ్ళకే సీళ్ళు ఎయ్యాలె," అని రాజమల్లు తన జంపఖానా పరిచాడు. అది కొత్తవాడలో నేసిన మంచి జంపఖానాయే. పెళ్ళినాడు దాని మీద ఏనుగులు ఉండేవి. బండ్ల కింద పడుకుని పడుకుని ఇప్పుడు ఏనుగులన్నీ నల్లబడి ఒకే గుంపులో కలిసిపోయాయి.

కిందికి దూరి చూశాడు. రెండు చోట్ల తడి. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలం పంచే డబ్బా మూతి దగ్గర ఒకటి. వెనక ఇరుసు నడుమ కుండలాగా ఉబ్బి ఉంటుందే, దాని మెడ దగ్గర రెండోది. వేలు పెట్టి తుడిచి వాసన చూశాడు. గేర్ ఆయిల్ వాసన ఒకసారి ముక్కుకెక్కితే మూడు స్నానాలకు దిగదు. రాజమల్లుకు మాత్రం అది పోపు వాసనలాగా ఆకలి పుట్టిస్తుంది.

"సీళ్ళు ఎండిపోయినయక్కా. రబ్బరు గదా, దానికీ వయసొస్తది."

సందుకు అవతలే భానుచందర్ స్పేర్ పార్టుల దుకాణం. భానుచందర్ ముప్పై ఏళ్ళవాడు, గట్టిగా మాట్లాడితే అద్దాల బీరువా పగులుతుందేమో అన్నట్టు మాట్లాడతాడు. సీల్ అడిగితే డబ్బా చేతికివ్వడు. విప్పి, లోపలి రబ్బరు పెదవి చుట్టూ చూపుడువేలు తిప్పి, పెదవి వెనక ఉండే సన్న స్ప్రింగు ఉందో లేదో గోటితో తడిమి, అప్పుడు అరచేతిలో పెడతాడు. ఆ రోజూ అట్లాగే రెండు సీళ్ళు చూసి ఇచ్చాడు.

"మంచియేనా తమ్మీ?"

"నా బండికైతే ఇవే ఏసుకుంట మల్లన్నా."

రాజమల్లు పని మొదలుపెట్టాడు. సమ్మమ్మ ఒక పాత టైరు మీద కూర్చుని, చేను నుంచి తెచ్చుకున్న మక్క కంకిని చాయ్ దుకాణం పొయ్యి మీద కాల్పించుకుని తింటోంది. అతను ఇరుసుకు పోయే రాడ్డు బోల్టులు విప్పి, రాడ్డును తాడుతో పక్కకు కట్టాడు. కుండ మెడలోని నట్టు మీద, దాని పక్కన ఉలితో సన్నగా రెండు గీతలు గీశాడు. మళ్ళీ బిగించేటప్పుడు ఆ రెండు గీతలూ కలవాలి. తక్కువైతే లోపలి పళ్ళు అరుస్తాయి, ఎక్కువైతే బేరింగులు ఏడుస్తాయి. పాత సీల్‌ను పీకి పారేసి, అది కూర్చునే చోటంతా గుడ్డతో పసిపిల్లవాడి చెవి తుడిచినట్టు తుడిచాడు. సీల్ పెదవి ఆనే ఇనుము మీద గోటితో అడ్డంగా గీశాడు. గోరు ఎక్కడా ఆగలేదు. నున్నగా ఉంది. కొత్త సీల్ పెదవికి గ్రీజు రాసి, మెడలో నిలబెట్టి, పాత బేరింగు చట్రాన్ని దాని మీద ఆనించి, సుత్తితో చుట్టూ ఒక్కో దెబ్బ సమానంగా వేయడం మొదలుపెట్టాడు.

చేతులు సమానంగా ఆడుతుంటే రాజమల్లు నోరు ఊరికే ఉండదు.

"అక్కా, నువ్వు వాగు దాటుతవు గదా. జర పైలంగుండు. ఒకసారి ఏటూరునాగారం దిక్కుకెళ్లి ఒక బండి వచ్చింది. గిసొంటిదే. కుండల ఏదో తన్నుకుంటాందన్నరు. పన్ను ఇరిగిందని ఒకడు, బేరింగు పోయిందని ఒకడు. నేను మూత ఇప్పి చూసిన. లోపల్నుంచి కన్ను."

"కన్నా?"

"కన్నే. కొర్రమట్ట. మోచెయ్యంత ఉన్నది."

సమ్మమ్మ కంకి నమలడం ఆపింది. "కుండలకు చేప ఎట్ల పోయింది?"

"కుండ మీద సన్న గొట్టం ఒకటుంటది. పైకి పోయి ఎనుక తొట్టి కింద తెరుచుకోని ఉంటది. వాగుల బండి దిగినప్పుడు గా గొట్టంలకెళ్లి పోయింది."

"మోచెయ్యంత చేప సన్న గొట్టంల పట్టిందా?"

"పట్టలే. పిల్లగ ఉన్నప్పుడు పోయింది. లోపల పెరిగింది. గేర్ ఆయిల్ తాగి పెరిగింది గదా, దానికి బలం ఎంతనుకున్నవ్? రివర్స్ గేరేస్తే రివర్స్ ఈదుతాంది."

టైరు మీద సమ్మమ్మ పడీపడీ నవ్వింది. నవ్వు ఆపుకుని అడిగింది. "అది సరేగని, గా గొట్టం ఎందుకుంటది తమ్మీ?"

"అది తర్వాత చెప్త. ముందు చేప సంగతి ఇను. వండినం. తిన్నోళ్ళకు ఏడాది దాక మోకాళ్ళు కిర్రుమనలే."

అప్పుడే సుత్తి దెబ్బ చప్పుడు మారింది. అంతదాకా టక్ టక్ అన్నది ఠంగుమంది. సీల్ అడుగుకు ఆనిందని ఆ ఠంగుకు అర్థం. రాజమల్లు సుత్తి పడేసి, నూనె చేతితోనే మీసం ఒక కొన దువ్వాడు.

"ఇగ చూడక్కా. నా చేతి సీలు దాటి ఒక్క చుక్క బయటికొచ్చిందనుకో, గీ మీసం సుదర్శన్‌కు అప్పజెప్త. అందరు ఇంటాండ్రు గదా."

పక్కన రేకు డబ్బాలో మంగలి సుదర్శన్ ఎవరికో గడ్డం గీస్తున్నాడు. కత్తి గాలిలోకి లేపి, "ఇన్న మామా. కత్తికి పదును పెట్టి ఉంచుతా," అన్నాడు. చాయ్ దుకాణం దగ్గర లారీల వాళ్ళు విన్నారు. భానుచందర్ తన దుకాణంలోంచి విని నవ్వాడు.

రెండో సీల్ కూడా ఎక్కించి, గీతకు గీత కలిపి, ఆయిల్ పోసి, సమ్మమ్మను పంపాడు రాజమల్లు. బండి నిలబడ్డ చోట నేల పొడిగా ఉంది.

గురువారం అదే వేళకు బండి మళ్ళీ వచ్చింది. సమ్మమ్మ దిగలేదు. కిటికీలోంచి చెయ్యి చాపి వెనక్కి చూపించింది.

ముందు డబ్బా పొడిగా ఉంది. వెనక కుండ మెడ మాత్రం సోమవారం కంటే ఎక్కువ తడిసింది. అంతేకాదు, ఎన్నడూ కారని ఎడమ వెనక చక్రం లోపలి వైపు కూడా నల్లటి చార దిగింది. రాజమల్లు కింద పడుకుని చాలాసేపు చూశాడు. పైన లారీల వాళ్ళ చెప్పులు ఒక్కొక్క జతా వచ్చి చుట్టూ చేరుతున్నాయి. వాటి మధ్య సుదర్శన్ చెప్పులు కూడా కనిపించాయి.

"మామా, మీసం నానబెట్టనా?"

"ఆగురా. ముందు చూడనియ్."

సీల్ బయటికి తీశాడు. రబ్బరు పెదవి ఒకచోట బయటి వైపుకు మడతపడి ఉంది, లోపల్నుంచి ఎవరో నెట్టినట్టు. వేరే రోజైతే ఆ మడతను పట్టుకుని రాజమల్లు గంట ఆలోచించేవాడు. ఆ రోజు చుట్టూ పదిజతల చెప్పులున్నాయి. మీసం ఉంది. అతనికి ఆ మడతలో ఒకటే కనబడింది.

"మాల్ డూప్లికేట్," అని లేచాడు.

సీల్‌ను రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని సందు దాటాడు. జనం వెంట నడిచారు. భానుచందర్ ఒక లారీ డ్రైవర్‌కు సీల్ చూపిస్తూ దాని పెదవి చుట్టూ వేలు తిప్పుతున్నాడు.

"ఏం తమ్మీ, నీ బండికైతే గిదే ఏసుకుంటవా? మూడు దినాలు ఆగలే. గిసొంటి డూప్లికేట్ మాల్ పెట్టుకోని నా మీసం తీపిద్దామనుకున్నవా?"

భానుచందర్ సీల్ అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. "అన్నా, జర మెల్లగ మాట్లాడు. నేను ఎప్పుడు తెచ్చే హోల్‌సేల్ దుకాణంలనే తెచ్చిన."

"గా దుకాణపోడు నిన్ను మోసం చేసిండు మరి. నువ్వు మాకు చేసినవ్."

భానుచందర్ ఆ సీల్‌ను తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. అతని ముందున్న లారీ డ్రైవర్ తన చేతిలోని సీల్‌ను మెల్లగా బల్ల మీద పెట్టి, "మల్ల వస్త తమ్మీ," అని వెళ్ళిపోయాడు. అతను మళ్ళీ రాడని ముగ్గురికీ తెలుసు.

సందు చివర ఇంకో దుకాణంలో కొత్త సీళ్ళు తెచ్చి, కుండ మెడకు ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి ఎక్కించాడు రాజమల్లు. ఈసారి కథ చెప్పలేదు. సుత్తి మాత్రం అంతే సమానంగా ఆడింది. ఠంగుమన్నాక సమ్మమ్మతో అన్నాడు. "ఇగ ఫికర్ లేదక్కా. ఇప్పుడు ఏసింది అసలు మాల్."

"చుక్క వచ్చిందిగద తమ్మీ? మీసం?" అంది సమ్మమ్మ.

"చుక్క నా చేతిది గాదు. మాల్‌ది. ఒట్టు నా చేతి మీద పెట్టిన."

సుదర్శన్ కత్తి మడిచాడు. జనం ఒప్పుకున్నారు. రాజమల్లు మాటలు అబద్ధాలు గానీ చెయ్యి అబద్ధం కాదని ఆటోనగర్‌కు తెలుసు.

సాయంత్రం ఇంట్లో శోభారాణి అతని కంచంలో అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. సంగతంతా ఆమెకు అప్పటికే చేరింది. సమ్మమ్మ బండి కంటే అట్లాంటి సంగతులు త్వరగా నడుస్తాయి.

"భాను పొద్దుగూకకముందే దుకాణం మూసిండట గదా," అంది.

"మూస్తే మూసిండు."

"నువ్వు చెప్పేటియి ఊరంత ఇంటది, ఎవ్వలు నమ్మరు. అందుకే ఇన్నేండ్లు ఎవ్వలకు ఏం కాలే." ఆమె పప్పు వేసింది. "డూప్లికేట్ అన్న మాటొక్కటి నమ్మిండ్రు, చూడు."

రాజమల్లు ముద్ద కలుపుతూ మీసం తడుముకున్నాడు. రెండు కొనలూ ఉన్నాయి. పప్పులో ఉప్పు సరిపోలేదేమో అనుకున్నాడు, సరిపోయింది.

శనివారం మధ్యాహ్నం ఆ పికప్ సందులోకి వచ్చిన తీరు చూసి చాయ్ దుకాణం వాళ్ళు బెంచీ వెనక్కి జరుపుకున్నారు. సమ్మమ్మ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. బండి షెడ్డు గోడకు జానెడు దూరంలో ఆగింది. వెనక తొట్టి నిండా సొరకాయలు అట్లాగే ఉన్నాయి.

"ఇయ్యాల కోత ఆలస్యమైంది. మార్కెట్‌కు గూడ పోకుంట ఊర్లకెళ్లి సీదా నీ కాడికే వచ్చిన," అంది దిగి. అరవలేదు. అరిస్తే బాగుండునని రాజమల్లుకు అనిపించింది. "మడికొండ కాడ ఆవు అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కిన. బండి నవ్వుకుంట ముందుకు పోయింది. ఆవుకు తెలివుండి పక్కకు జరిగింది, నాకు లేక నీ దగ్గరికి వస్తాన."

చక్రం సీల్ దాటిన ఆయిల్ బ్రేకులోకి దిగింది. అది చూడగానే తెలిసిపోయింది. ఇది ముగ్గు కాదు ఇప్పుడు.

"సుదర్శనూ," అని పిలిచింది సమ్మమ్మ. "కత్తి పట్టుకోని రా."

సుదర్శన్ కత్తి, నురుగు గిన్నె పట్టుకుని వచ్చాడు. సందంతా వచ్చింది. ఈసారి సీల్ ఇంకో దుకాణానిది. డూప్లికేట్ అనడానికి ఎవరూ మిగల్లేదు.

"ఒక్కసారి కిందికి పోయి వస్త," అన్నాడు రాజమల్లు. "గొరిగినంక ఎట్లాగు ముఖం చూపియ్యను. ముందు రోగం చూడనియ్."

జంపఖానా పరచకుండానే దూరాడు. ఇరుసు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసుకున్నాడు. పెనంలా కాలుతోంది. సోమవారం, గురువారం బండి మార్కెట్లో గంటలు గంటలు నిలబడి చల్లారి వచ్చింది. ఈ రోజు రోడ్డు మీది నుంచి నేరుగా, వేడివేడిగా వచ్చింది. కుండలో ఆయిల్ ఎంత మిగిలిందో చూద్దామని పక్కనున్న మూత మీద స్పానర్ పెట్టి తిప్పాడు.

పుస్స్‌మంది.

చిన్న పుస్స్ కాదు. కోపమొచ్చిన నాగుపాము కూడా రెండడుగులు వెనక్కి వేసేంత పుస్స్. దాని వెంట వేడి ఆయిల్ చిమ్మి సూటిగా మీసం మీద పడింది. రాజమల్లు కదల్లేదు. మీసం కొనల నుంచి గేర్ ఆయిల్ చెవుల్లోకి కారుతుంటే, అట్లాగే పడుకుని కుండను చూశాడు. గురువారం నాటి సీల్ పెదవి గుర్తొచ్చింది. లోపల్నుంచి ఎవరో నెట్టినట్టు. ఎవరో కాదు, గాలి.

కుండ మీది సన్న గొట్టం పట్టుకున్నాడు. దాని వెంబడే వేలితో ఇరుసు దాటి, చట్రం దాటి, తొట్టి కిందికి, నంబర్ ప్లేటు వెనక దాకా వెళ్ళాడు. అక్కడ గాలికి తెరుచుకుని ఉండాల్సిన కొన వేలికి తగల్లేదు. పాలిథిన్ కవర్ తగిలింది. దారంతో చుట్టి ఉంది. లాగితే రాలేదు. ముక్కు పటకారుతో పీకితే వచ్చింది.

మక్క బెండు. గింజలు తిన్న కంకి నడుమ మిగిలే బెండును కొడవలితో నున్నగా చెక్కి, కవర్ చుట్టి, గొట్టంలోకి సరిగ్గా దిగగొట్టిన బిరడా. ఊళ్ళో నూనె సీసాకు కొట్టే బిరడా ఎంత బాగా కొడతారో అంత బాగా కొట్టి ఉంది.

"అక్కా, జర కిందికి వంగు," అన్నాడు.

సమ్మమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, గొంతుకూర్చుని తల వంచింది. అతని చేతిలోది చూసింది.

"గది నేనే కొట్టిన."

"ఎందుకక్కా?" గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వే గదా చెప్తివి, గా గొట్టంలకెళ్లి చేప పోయిందని."

"చేప సంగతి నమ్మినవా?"

"చేప అబద్ధమని అప్పుడే తెలిసె. గొట్టం అబద్ధం గాదు గదా. చేప పోకున్నా నీళ్ళు పోవా? దినాం వాగు దాటేదాన్ని. ఆ పొద్దే ఇంటికి పోంగనే వెతికి బిరడ కొట్టిన." ఆమె బిరడా వైపు చూసింది. "గా గొట్టం ఎందుకని అడిగిన. తర్వాత చెప్తనంటివి. చెప్పకపోతివి."

రాజమల్లు గొట్టం కొన పట్టుకుని చూపించాడు.

"అది ఊపిరి గొట్టం అక్కా. బండి నడిస్తే ఇరుసు వేడెక్కుతది, లోపలి గాలి ఉబ్బుతది. గీడికెళ్లి బయటికి పోవాలె. నువ్వు ముక్కు మూసినవ్, అది నోట్లకెళ్లి కక్కింది. సీళ్ళు గట్టిగనే ఉన్నయ్. గాలికి ఎవ్వని సీలు ఆగుతది."

"అంటే నీ చెయ్యిల తప్పు లేదు."

"లేదు."

"సీల్‌ల తప్పు లేదు."

"లేదు."

సమ్మమ్మ అతని మీసాన్ని, దాని నుంచి కారుతున్న ఆయిల్‌ను చూసింది. "మీసం తప్పు గూడ లేదు తమ్మీ. దాని కింద ఉన్నదే జర వదులైంది." తర్వాత ఇంకా మెల్లగా అంది. "నేను ఎవ్వలకు చెప్ప. మార్కెట్ల తెలిస్తే నన్ను ముగ్గు సంగతికంటె ఎక్కువ నవ్వుతరు. నువ్వు గూడ ఏదో ఒకటి చెప్పి మీసం ఉంచుకో. చెప్పుడు నీకు కొత్తా?"

అది నిజమే. బండి కింది నుంచి లేచేలోపు రాజమల్లుకు ఏడు కథలు తట్టాయి. అందులో రెండు చాలా బాగున్నాయి. ఒకదాంట్లో మడికొండ ఆవుకు కూడా పాత్ర ఉంది. లేచి నిలబడి, చేతులు తుడుచుకుంటూ సందుకు అవతల చూశాడు. భానుచందర్ దుకాణం తెరిచే ఉంది గానీ ముందర ఎవరూ లేరు. సందంతా ఇక్కడ ఉంటే అతనొక్కడే అక్కడ ఉన్నాడు.

బిరడా పిడికిట్లో పట్టుకుని రాజమల్లు సందు దాటాడు.

భానుచందర్ బల్ల మీద ఉన్న సీళ్ళ డబ్బాలన్నీ విప్పి ఉన్నాయి. ఒక్కో సీల్ తీసి గుమ్మంలోని వెలుగుకు పట్టి, పెదవి వంచి, స్ప్రింగు లాగి చూసి, కింద ఉన్న సంచిలో వేస్తున్నాడు. సంచి సగం నిండింది. గురువారం నాటి సీల్ ఇంకా అతని చొక్కా జేబులోనే ఉబ్బెత్తుగా ఉంది.

"ఏం చేస్తానవ్ తమ్మీ?"

"ఏరుతానన్నా. నువ్వు చెప్పినంకసంది చూస్తాన. నాకూ అన్ని డూప్లికేట్ లెక్కనే కనవడుతానయ్. ఏది మంచిదో తెలుస్తలేదు." అతని వేలు ఒక సీల్ పెదవి చుట్టూ తిరిగి, మధ్యలో ఆగి, మళ్ళీ మొదటి నుంచి తిరిగింది. ఆ వేలికి ఎన్నడూ రెండోసారి తిరిగే అలవాటు లేదు.

రాజమల్లు ఆ వేలిని చూస్తూ నిలబడ్డాడు. ఏడు కథల్లో ఒక్కటీ మిగల్లేదు. వెనక్కి తిరిగి, జనం వినేట్టు గట్టిగా అన్నాడు.

"అందరు ఇనుండ్రి. భాను ఇచ్చిన సీలు అసలుదే. తప్పు దానిది గాదు. కుండ ఊపిరి గొట్టంల మక్క బెండు బిరడ ఉన్నది. లోపలి గాలి సీల్‌ను బయటికి నూకింది. నా కొర్రమట్ట కథ ఇని ఎవ్వలో కొట్టిండ్రు."

అందరూ చాయ్ దుకాణం బెంచీ కిర్రుమనేదాకా నవ్వారు.

"చేపది అయిపోయె, ఇప్పుడు మక్క బెండు తెచ్చిండు."

"మీసం కోసం మామ ఎంత దూరమన్న పోతడు."

రాజమల్లు బిరడా చూపించాడు. "గా మూల కంకులమ్మే అవ్వ దగ్గర తెచ్చినవా మామా?" అని అడిగాడు సుదర్శన్. అందరూ మళ్ళీ నవ్వారు.

సమ్మమ్మ ముందుకు వచ్చింది. తన మాట తానే తప్పుతూ, "కొట్టింది నేనే," అంది. "నిజమే చెప్తాండు."

"అక్క గూడ జాలిపడ్డది," అన్నాడు గురువారం నాటి లారీ డ్రైవర్. "ఏం చేస్తది, మీసం అసొంటిది మరి."

రాజమల్లు ఒక్కొక్కరి ముఖం చూశాడు. ఎవరికీ కోపం లేదు. అందరూ ప్రేమగానే నవ్వుతున్నారు. ఇన్నేళ్ళుగా అతను చెప్పినవన్నీ విని నవ్వినట్టే నవ్వుతున్నారు. వాళ్ళ వెనక భానుచందర్ సంచిలో ఇంకో సీల్ పడిన చప్పుడు వినిపించింది.

రాజమల్లు సుదర్శన్ డబ్బాలోకి నడిచి కుర్చీలో కూర్చున్నాడు. అద్దంలో మీసం నల్లగా మెరుస్తోంది. అంత బాగా అది ఎన్నడూ మెరవలేదు.

"తియ్యి," అన్నాడు.

సుదర్శన్ నురుగు గిన్నె పట్టుకుని నిలబడిపోయాడు. "మామా, పరాచికమాడినం. నువ్వు చెప్పిందే నిజమైతే ఒట్టు పోలే గదా."

"చెప్పింది మీరు నమ్మలే గదా."

"నమ్మితె మీసం ఉంచుకుంటవా?"

"ఇది పోతేనే నమ్ముతరు. తియ్యి. హనుమకొండ కొనకెళ్లి మొదలువెట్టు."

సుదర్శన్ గుడ్డతో ఆయిల్ తుడిచి, నురుగు రాసి, కత్తి ఆనించాడు. గుమ్మంలో తలలు పేరుకున్నాయి. మొదటి కొన ఒళ్ళో పడ్డప్పుడు ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. రెండో కొన పడేసరికి సందులో స్పానర్ చప్పుడు కూడా లేదు. నురుగు తుడిచాక అద్దంలో కనిపించిన మనిషిని రాజమల్లు గుర్తుపట్టలేదు. పై పెదవి బియ్యప్పిండిలా తెల్లగా ఉంది.

లారీ డ్రైవర్ గుమ్మంలోంచి ఆ పెదవిని చాలాసేపు చూశాడు. తర్వాత పక్కవాడితో మెల్లగా అన్నాడు. "అంటే సీల్ మంచిదే. లేకపోతే రాజమల్లు మీసం ఇయ్యడు." పక్కవాడు తల ఊపాడు. ఆ మాట గుమ్మం దాటి చాయ్ దుకాణానికి, అక్కడి నుంచి సందు చివరికి నడిచింది. లారీ డ్రైవర్ సందు దాటి భానుచందర్ బల్ల ముందు నిలబడ్డాడు. "తమ్మీ, మొన్న చూపించిన సీలు ఏది? గదే కావాలె."

భానుచందర్ సంచిలోకి చెయ్యి పెట్టి దాన్ని వెతికి తీశాడు. అలవాటుగా పెదవి చుట్టూ వేలు తిప్పాడు. వేలు ఒక్కసారే తిరిగింది.

ఆ సాయంత్రం రాజమల్లు కుండ మెడకూ ఎడమ చక్రానికీ ఆ సంచిలోంచి తీసిన సీళ్ళే ఎక్కించాడు. బ్రేకు రేకులు కడిగి ఎండబెట్టాడు. ఊపిరి గొట్టాన్ని ఊది చూసి, వాగు నీళ్ళు అందనంత ఎత్తుకు, డ్రైవర్ సీటు వెనక దాకా పొడిగించి కట్టాడు. కట్టే ముందు సమ్మమ్మను పిలిచి అది ఎందుకుందో, ఎట్లా ఊపిరి తీస్తుందో, ఎందుకు మూయకూడదో మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. అందులో చేప లేదు. సమ్మమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత ఇద్దరూ మడికొండ దాకా వెళ్ళి, ఆవు అడ్డమొచ్చిన చోటే బ్రేకు తొక్కి చూసి, వెనక్కి వచ్చారు. బండి వేడిగా ఉంది. మూత విప్పితే పుస్స్‌మనలేదు. నేల పొడిగా ఉంది.

భానుచందర్ మూడు చాయ్‌లు పట్టుకుని వచ్చాడు. రాజమల్లు గ్లాసు నోటికి ఎత్తాడు. ఎప్పుడూ మీసానికి అంటుకునే మీగడ ఈసారి సూటిగా నోట్లోకి పోయింది.

"ఎన్ని దినాలకు పెరుగుతదన్నా?" అడిగాడు భానుచందర్, పెదవి వైపు చూడకుండా.

"మందికైతే నెలలు వడ్తది తమ్మీ. నాది గట్ల గాదు. ఒకసారి గిట్లనే తీసేస్తే పండుకోని లేచేవరకు చెవుల దాక వచ్చింది. దాని ఎనుక ఒక కథ ఉన్నది. మా తాత ఒక గడ్డి..."

సమ్మమ్మ అప్పటికే బండెక్కి ఇంజను వేసింది. కిటికీలోంచి తల బయట పెట్టింది.

"ఆగు తమ్మీ. గా కథ ఇని, ఇంటికి పోయినంక నేను దేనికి బిరడ కొట్టొద్దో, అది ముందుగాల చెప్పి మొదలువెట్టు."